తాడుకు అవతలి కొస

గత సంచికలో నా కాలేజీ రోజుల గురించి ఒక వ్యాసం రాశాను. గుట్టలెక్కడం, సికింద్రాబాద్ చర్చిలో హార్మోనియం, మౌలాలీ నుంచి వచ్చే ఒక స్నేహితురాలు, అన్నీ అందులో ఉన్నాయి. దానికి ఊహించనన్ని ఉత్తరాలు వచ్చాయి. పొగడ్తలు పక్కన పెట్టాను, అవి నేనొక్కదాన్నే చదువుకుంటాను. ప్రశ్నలున్న వాటికి ఇక్కడ జవాబులు.

కొండలు, ప్రార్థన, స్నేహం, సంగీతం... ఈ నాలుగింటిలో మిమ్మల్ని నిజంగా తీర్చిదిద్దింది ఏది? ఒక్కటే చెప్పాలి.
— ఒక పాఠకురాలు, నల్లకుంట

ఒక్కటే చెప్పాలని షరతు పెట్టారు కాబట్టి చెబుతున్నాను: తాడు పట్టుకోవడం. మీ నాలుగింటిలో అది లేదని నాకు తెలుసు.

1984 మే 23న బచేంద్రీ పాల్ ఎవరెస్టు ఎక్కారు. ఆ శిఖరం చేరిన మొదటి భారతీయ మహిళ. అప్పుడు నేను ఇంటర్మీడియట్‌లో ఉన్నాను. మా నాన్న ఆమె బొమ్మ ఉన్న పేపరును మడిచి నా ముందు పెట్టి, ఒక్క మాటైనా అనకుండా టీ తాగడానికి వెళ్లిపోయారు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసేవారు, మాటలు పొదుపు. డిగ్రీలో చేరగానే ఎన్‌సీసీలో పేరిచ్చాను. అక్కడి నుంచి ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు. బచేంద్రీ పాల్ శిక్షణ పొందిందీ అక్కడే. ఆమెకూ నాకూ ఉన్న పోలిక అంతటితో సరి. ఎవరెస్టును నేను దూరం నుంచి కూడా చూడలేదు.

తిరిగొచ్చాక ఆదివారాలు నగరం చుట్టూ ఉన్న బండల మీద సాధన చేసేవాళ్లం. ఖాజాగూడ, దుర్గం చెరువు అప్పట్లో ఊరి బయట. మెహదీపట్నం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి దొరికితే ఇంకో బస్సు, దొరక్కపోతే నడక. మా జట్టులో అందరికంటే బరువైనదాన్ని నేను. అందుకని, ఎవరూ అడగకుండానే, తాడు పట్టుకునే పని నాకు వచ్చింది.

ఆ పని గురించి కొండల కథల్లో ఎవరూ రాయరు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బండ పైన ఒక గట్టి రాయి వెనక కూర్చుంటాం. కాళ్లు రెండూ రాతికి తన్నిపెట్టి, మన నడుమును కూడా వేరే తాడుతో రాతికి కట్టుకుంటాం. ఎక్కేవారి తాడు మన నడుము చుట్టూ వెనక నుంచి తిరిగి వస్తుంది. వాళ్లు ఒక అడుగు పైకి వేస్తే మనం ఒక జానెడు తాడు లాక్కోవాలి. మరీ బిగిస్తే వాళ్ల తూకం తప్పుతుంది, వదులుగా ఉంచితే జారినప్పుడు ఎక్కువ దూరం పడతారు. రెండు చేతుల్లో ఒకటి తాడును వెతుక్కోవచ్చు, సర్దుకోవచ్చు. రెండోది మాత్రం దాన్ని ఎప్పుడూ వదలకూడదు. దోమ కుట్టినా, చెమట కళ్లలోకి కారినా, కింద ఎవరో పేరు పెట్టి పిలిచినా సరే. ఎక్కేవారు మనకు కనిపించరు కూడా. బండ అంచు అడ్డం ఉంటుంది. తాడు కదిలే తీరును బట్టి వాళ్లు భయపడుతున్నారో, ఆలోచిస్తున్నారో, తొందరపడుతున్నారో మన చేతికి తెలియాలి.

చర్చిలోనూ నాకు ఇదే స్థానం దక్కింది. నా గొంతు అంతంత మాత్రం. గాయక బృందంలో చేరతానని వెళితే, పాటలు నేర్పే పెద్దాయన రెండు చరణాలు విని, చాలా మర్యాదగా హార్మోనియం ముందు కూర్చోబెట్టారు. పాడేవారు వేరే, ఎక్కేవారు వేరే. నాకు పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల దాకా గడిచిన కాలమంతా ఎవరో ఒకరి వెనక కూర్చుని గడిచింది. దాన్ని చిన్నతనంగా ఎప్పుడూ అనుకోలేదు.

మా అమ్మాయికి పదహారేళ్లు. రాక్ క్లైంబింగ్ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. బంధువులు మల్లి మస్తాన్ బాబు ఏమయ్యాడో గుర్తు చేసి భయపెడుతున్నారు. పంపమంటారా?
— ఒక తండ్రి, కూకట్‌పల్లి

మల్లి మస్తాన్ బాబు నెల్లూరు జిల్లా బిడ్డ. ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలనూ 2006లో 172 రోజుల్లో ఎక్కారు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు. ఆ మాట దాచనక్కర్లేదు, మీ అమ్మాయికి కూడా దాచకండి. కానీ అంత ఎత్తున, మంచులో, వాతావరణం మారిపోతే తల దాచుకోవడానికి చోటు లేని పర్వతం మీద ఒంటరిగా ఉండటం వేరు. భువనగిరి బండ మీద హెల్మెట్ పెట్టుకుని, పై నుంచి తాడు కట్టుకుని, శిక్షకుల కళ్ల ముందు ఎక్కడం వేరు. బంధువులు రెంటినీ కలిపి మాట్లాడుతున్నారు.

మాలావత్ పూర్ణ పేరు మీరు వినే ఉంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. ఆమె బండ మీద మొదటి అడుగులు నేర్చుకుంది ఈ భువనగిరిలోనే. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మీ అమ్మాయి పూర్ణ కావాలని చెప్పడం లేదు. ఏకశిల మీద కట్టిన ఆ కోట మీకు కూకట్‌పల్లి నుంచి ఒక్క పూటలో వెళ్లి రాగలిగినంత దగ్గర, అది చెబుతున్నాను.

ఎక్కడ చేర్పించినా ముందు మీరొక రోజు వెళ్లి చూడండి. పిల్లలు ఎంత పైకి ఎక్కుతున్నారో చూడకండి. కింద తాడు పట్టుకున్నది ఎవరో చూడండి. ఫోనులో మాట్లాడుతూ పట్టుకున్నారా? ఎక్కే ముందు ఒకరి ముడిని ఇంకొకరు తడిమి చూస్తున్నారా? కొత్తగా చేరినవారికి ఎక్కడంతో పాటు పట్టుకోవడం కూడా నేర్పుతున్నారా? లేదని తోస్తే ఇంకో చోటు వెతకండి, ఫీజు ఎంత తక్కువైనా.

ఇంకొక మాట. మీ అమ్మాయి పైన ఉన్నప్పుడు కింద నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అని అరవకండి. ఆ సమయంలో ఆమెకు వినబడాల్సిన గొంతు ఒక్కటే ఉంటుంది, అది మీది కాదు.

క్లైంబింగ్ బూట్లు కొనే స్తోమత లేదు. మీరు ఏం వేసుకునేవారు?
— ఒక డిగ్రీ విద్యార్థి, ఉప్పల్

కాన్వాసు బూట్లు. సోలు పలచగా ఉండి, కింది రాయి పాదానికి తెలిసేది. అంతకు మించి వాటిలో గొప్పేమీ లేదు. ఇప్పటి మెత్తని రబ్బరు బూట్లు వాటికంటే చాలా నయం. శిక్షణ కేంద్రాల్లో అద్దెకు దొరుకుతాయేమో అడగండి. ఏ బూట్లయినా ఎక్కే ముందు అడుగున దుమ్ము తుడుచుకోండి, తెల్లవారుజామునే మొదలుపెట్టండి. చల్లటి రాతి మీద పాదం బాగా ఆనుతుంది. ఏప్రిల్‌లో పది గంటలకు ఖాజాగూడ బండ మీద అరచెయ్యి పెట్టి చూడండి, మిగతాది అదే చెబుతుంది.

మీరు విశ్వాసులని వ్యాసంలో రాశారు. ప్రాణాన్ని పణంగా పెట్టి బండలెక్కడం దేవుణ్ణి శోధించడం కాదా? దేవాలయ శిఖరం మీద సాతాను యేసును అడిగింది కూడా ఇదే కదా?
— ఒక సహోదరుడు, మల్కాజిగిరి

అయ్యా, అక్కడ సాతాను దూకమన్నాడు. ఎక్కమనలేదు.

ఎగతాళికి అనడం లేదు, నాకు ఆ తేడా ముఖ్యం. దేవదూతలు పట్టుకుంటారులే అని కిందికి దూకడం శోధించడమే. పైకి వెళ్లేవారు తాము పడవచ్చని ఒప్పుకుని తాడు కట్టుకుంటారు. బండ మీద ఉన్నప్పుడు ఈ తాడు తెగకూడదని నేను ప్రార్థించలేదు. నైలాన్ తాడు కొంచెం సాగి, పడిన విసురును తనలోకి తీసుకుంటుంది. దానికా పని వచ్చు. ముడి నేను వేస్తాను, నా స్నేహితురాలు తడిమి చూస్తుంది, ఆమె ముడి నేను చూస్తాను. ఒకరి ముడిని ఒకరు చూడటం అపనమ్మకం కాదని మాకు మొదటి వారంలోనే నేర్పారు. ప్రార్థన రాత్రి ఇంటికొచ్చాక చేసేదాన్ని, అదీ ఎక్కువగా కృతజ్ఞతే.

మా చర్చిలో అసలు గొడవ మీరడిగినది కాదు. ఆదివారం ఆరాధన ఎగ్గొడతానని పాస్టరుగారికి అనుమానం. హార్మోనియం వాయించేది నేనే కాబట్టి ఆ అనుమానం కొంచెం కోపంగా కూడా మారింది. చివరికి చీకటితో బయలుదేరి, రెండు గంటలు బండ మీద గడిపి, ఆరాధన వేళకు తిరిగి రావడం అలవాటు చేసుకున్నాం. గోరింటాకు పెట్టుకోవాల్సిన గోళ్ల నిండా మట్టితో కీర్తనలు వాయించాను. కొన్ని ఆదివారాలు బస్సు రాలేదు. ఆ రోజుల్లో ఏం జరిగేదో రాయలేను, పాస్టరుగారి పిల్లలు ఈ పత్రిక చదువుతారు.

నమ్మకం గురించి బండ ఏమైనా నేర్పిందా అంటే, ఒకటి ఉంది. మన హైదరాబాద్ గ్రానైటు బండల మీద చాలా చోట్ల చేతికి పట్టు దొరకదు. నున్నటి వాలు. పాదం రాపిడితోనే నిలబడాలి. భయం వేసినప్పుడు ఎవరైనా బండను కౌగిలించుకుంటారు. అలా వంగితే బరువు పాదం మీద నిటారుగా పడదు, కాలు జారుతుంది. బండకు ఎడంగా, నిలువుగా, మడమ దించి నిలబడితేనే రాయి మనల్ని ఉంచుతుంది. అందులో నుంచి ప్రసంగం తీయాలని నాకు లేదు. మా పాస్టరుగారైతే రెండు ఆదివారాలకు సరిపడా తీసేవారు.

ముప్ఫై ఏళ్ల స్నేహితురాలితో మాటలు తెగిపోయాయి. ఫోనులో వచ్చే మతం, రాజకీయం సందేశాలే కారణం. ఆమె పంపుతుంది, నేను మండిపడతాను, నేను పంపితే ఆమె. మీ ముస్లిం స్నేహితురాలితో మీకు ఇలాంటివి రాలేదా?
— ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

వచ్చాయి. ఫోన్లు లేవు కాబట్టి ఎదురెదురుగా వచ్చాయి.

ఆమెది మౌలాలీ. కొండ మీద దర్గా, కొండ కింద వాళ్ల ఇల్లు. ఆ కొండ పాదం దగ్గరే మహ్ లఖా బాయి సమాధి ఉంది. నిజాంల కాలపు కవయిత్రి, గాయని, 1824లో మరణించింది. తల్లికి కట్టించిన సమాధి పక్కనే తనూ ఉంది. నన్ను మొదటిసారి అక్కడికి తీసుకువెళ్లి, "పాటలు పాడినావిడకు కూడా మా కొండ చోటిచ్చింది, నీ హార్మోనియానికీ ఇస్తుందిలే" అంది నా స్నేహితురాలు. నేనేమో అప్పటికి ఇస్లాంలో సంగీతమే కూడదని ఎక్కడో విని, అది పట్టుకుని ఆమెతో రోజంతా వాదించి ఉన్నాను.

మొహర్రంలో వాళ్లింట్లో మజ్లిస్, అంటే సంతాప సభ, జరిగేది. ఆమె సోజ్ అనే శోకగీతం చదివేది. వాద్యాలు ఉండవు. ముఖ్యంగా చదివేవారికి అటూ ఇటూ కూర్చున్నవారు ఒక స్వరాన్ని అలాగే నిలబెట్టి ఉంచుతారు, వాళ్లను బాజూ అంటారు. ఆ స్వరం ఆగితే ముందున్నవారి పాట నేల మీద పడుతుంది. ఆడవాళ్ల మధ్య గోడకు ఆనుకుని కూర్చుని నేను వింటూ ఉన్నది ఆ పక్కవాళ్లనే. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో పట్టుకోవడానికి ప్రయత్నించేదాన్ని. ఆమె కూడా మా క్రిస్మస్ ఆరాధనకు వచ్చి చివరి బల్ల మీద కూర్చునేది. పాటలు బాగున్నాయి, ప్రసంగం పొడుగు అని తీర్పు చెప్పేది. అందులో ఆమెతో విభేదించడానికి నాకేమీ దొరకలేదు.

రంజాన్ నెలలో ఆమె తెల్లవారకముందే సహర్ తిని వచ్చేది. ఎండెక్కకముందే దిగిపోయేవాళ్లం. ఆమె ఎదురుగా నీళ్లు తాగకూడదని నేను సీసా దాచేదాన్ని. "నా రోజా నాది, నీ దాహం నీది" అని సీసా తీసి చేతిలో పెట్టేది. ఖాజాగూడ గుట్ట మీద అనంత పద్మనాభస్వామి గుడి, బాబా ఫఖ్రుద్దీన్ దర్గా రెండూ ఉన్నాయి. మా ఇద్దరిలో ఎవరం ఎక్కడ దండం పెట్టాలన్న వాదన కూడా ఒకసారి వచ్చింది. మా జట్టులోని పద్మశాలి కుర్రాడు విసుగెత్తి తాడు చుట్టేసి దిగిపోతే గానీ ఆగలేదు.

1990 డిసెంబరులో నగరంలో మతకలహాలు జరిగాయి. కర్ఫ్యూ పెట్టారు. ఆమె ఇంట్లో, మా ఇంట్లో ఒకే మాట అన్నారు: కొన్నాళ్లు ఆగండి. ఆగాం. మళ్లీ కలిసినప్పుడు ఇద్దరికీ మాట పెగల్లేదు. వినకూడనివి ఇద్దరం విని ఉన్నాం, మన అనుకున్న వాళ్ల నోటి నుంచే. ఆమె సంచీలో నుంచి తాడు తీసి ఒక కొస నా మీదికి విసిరింది. నేను పైకి వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు ఆమె ఎక్కుతుంటే తాడు మామూలుగా కంటే బిగువుగా పట్టుకున్నానని పైకి వచ్చాక చెప్పింది. అంతకు మించి ఆ డిసెంబరు గురించి మేం మాట్లాడుకున్నది చాలా ఏళ్ల తర్వాత.

పెళ్లయి ఆమె దుబాయ్ వెళ్లింది. అక్కడికి ఫోను చేయడమంటే జీతం కరిగిపోయే రోజులు. గల్ఫ్‌కు వెళ్లిన చాలా కుటుంబాల్లాగే మేమూ క్యాసెట్లు పంపుకున్నాం. ఒకే క్యాసెట్టు. ఒక వైపు ఆమె మాట్లాడి పంపేది, రెండో వైపు నేను నింపి ఎవరైనా వెళుతుంటే తిప్పి పంపేదాన్ని. ఆమె పాతది చెరిపి దాని మీదే కొత్తది మాట్లాడేది. పిసినారితనం ఇద్దరిదీ. నా వైపు కొత్తగా సాధన చేసిన కీర్తన, ఆమె వైపు పిల్లాడి ఏడుపు, కుక్కరు ఈల.

మీ విషయానికి వస్తే, ఆ సందేశాల మీద చర్చ పెట్టి గెలవాలని చూడకండి. వాటిని రాసినవాడెవడో మీ ఇద్దరికీ తెలియదు. ఆమెతో కలిసి ఏదైనా పని పెట్టుకోండి. ఆమె చెయ్యి లేకుండా మీకు, మీ చెయ్యి లేకుండా ఆమెకు పూర్తికాని పని. ఆవకాయ పెట్టుకున్నా సరే. పని లేని స్నేహానికి మాటలే మిగులుతాయి, మాటలకు ఈ రోజుల్లో పూచీ లేదు.

అయినా నిలబడకపోవచ్చు. మా జట్టులోనే ఇద్దరితో నాకు ఇప్పటికీ మాటల్లేవు. దానికి మతం కారణం కాదు, అప్పు.

నాకు యాభై నాలుగు. హార్మోనియం నేర్చుకోవాలని కోరిక. కర్ణాటక సంగీతం నేర్పే మా గురువుగారు మాత్రం దానితో చెవి పాడైపోతుందంటున్నారు.
— ఒక గృహిణి, తార్నాక

మీ గురువుగారి మాటలో నిజముంది. హార్మోనియంలో స్వరాలు మెట్ల మాదిరి స్థిరంగా ఉంటాయి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం, ఊగడం దానికి చేతకాదు. గమకం లేకపోతే మన సంగీతంలో సగం లేనట్టే. ఆ కారణాలతోనే 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో హార్మోనియం మీద నిషేధం నడిచింది. నేను హార్మోనియం ముందు కూర్చునేనాటికి ఆ నిషేధం పోయింది గానీ, చిన్నచూపు పోలేదు.

అయినా నేర్చుకోండి. కచేరీకి కాదు, నలుగురు కలిసి పాడేటప్పుడు శ్రుతి జారిపోకుండా నిలపడానికి దానంత నమ్మకమైనది లేదు. పందొమ్మిదో శతాబ్దిలో పురుషోత్తమ చౌధరి వంటివారు క్రైస్తవ కీర్తనలను మన రాగాల్లో, తాళాల్లో రాశారు. మా కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. ఆనందభైరవి అని రాసి ఉన్న కీర్తన హార్మోనియం మీద మోగిస్తే ఆనందభైరవి సగమే వస్తుంది. మిగతా సగం పాడేవారి గొంతు ఇవ్వాలి. ఆ చోటు వారికి వదలడం తెలిస్తే చెవి పాడవదు, పదునెక్కుతుంది. కొత్తగా నేర్చినవారు పాడేవారి ప్రతి అక్షరానికీ ఒక మెట్టు నొక్కుతారు. వంటంతా తనే చేశానని వడ్డించేవారు కూడా విస్తరి ముందు కూర్చున్నట్టు ఉంటుంది.

ఎడమ చేతి తిత్తి మీద మొదటి నెలలు గడపండి. గాలి ఒకే తీరున రావాలి. వేళ్లు తర్వాత వాటంతటవే వస్తాయి. రాంకోఠిలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, వెళ్లి విచారించండి. వయసు సంగతి అక్కడ ఎవరైనా ఎత్తితే మీ గురువుగారి వయసు అడగండి.

మీ తరం అదృష్టవంతులు. మాకు గచ్చిబౌలిలో గాజు భవనాలు తప్ప బండలేవి?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

బండలు పోయిన మాట నిజమే. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. భూమి లోపల పగుళ్ల వెంబడి నీరు దిగి, అంచులు కరిగి గుండ్రమై, పైనున్న మట్టి కొట్టుకుపోయాక ఒకదాని మీద ఒకటి నిలబడిన రాళ్లు. అవి కంకరగా మారడానికి క్రషర్ దగ్గర పెద్దగా సమయం పట్టదు. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక మేం ఎక్కిన బండలు కొన్ని ఏ మేడ కింద ఉన్నాయో నేను చెప్పగలను. చెప్పి ఏం లాభం? ఇంకా మిగిలినవాటి కోసం 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వారు రాళ్ల మధ్య నడకలు నిర్వహిస్తారు. మీ ఆఫీసు నుంచి ఖాజాగూడ గుట్ట ఎంత దూరమో ఈ సాయంత్రం చూడండి.

అదృష్టం అన్నారు కాబట్టి ఒక మాట. మేం మొదట్లో ఎక్కినప్పుడు తలకు హెల్మెట్ లేదు. మాకు దొరికిన మొదటి తాడు సాగని మనీలా నారతాడు. అమ్మాయిలు బండలెక్కుతుంటే చూడటానికి కింద జనం పోగయ్యేవారు, వాళ్ల వ్యాఖ్యానం ఉచితం. ఆ అదృష్టం మీకు అక్కర్లేదు.

మా అటక మీద పాత క్లైంబింగ్ తాడు ఉంది. ఇరవై ఏళ్ల కిందట కొన్నది, ఒక్కసారి కూడా వాడలేదు. కొత్తగా నేర్చుకుంటున్న మా అబ్బాయికి ఇవ్వవచ్చా?
— ఒక పాఠకుడు, సైనిక్‌పురి

ఇవ్వకండి. వాడకపోయినా నైలాన్‌కు వయసు వస్తుంది. పదేళ్లు దాటితే, ముట్టుకోని తాడునైనా పక్కన పెట్టమనే తయారీదారులు చెబుతారు. మీ అబ్బాయి ఒక కొసకు వేలాడతాడు సరే, రెండో కొసన కూర్చునే పిల్లవాడి సంగతీ ఆలోచించండి. అవతల తెగితే వాడు జీవితాంతం మోస్తాడు.

అలాగని చెత్తకుండీలో చుట్టగా పారేయకండి, బాగానే ఉందని ఎవరో ఒకరు ఏరుకుంటారు. మూడు నాలుగు ముక్కలుగా కోసేయండి. బట్టలారేసుకోవడానికి బాగా పనికొస్తుంది, మా మిద్దె మీద ఉన్నది అదే. క్లిప్పులు మాత్రం గట్టివి కొనండి. పైతొడుగు నున్నగా ఉంటుంది, తడి దుప్పటి బరువుకు మామూలువి జారిపోతాయి.